కాళింది చావు ఎవరి ఖాతాలో?

'వరవిక్రయం' నాటకం పేరు చెప్పగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది సింగరాజు లింగరాజు. ఆ పిసినారితనం, ఆ డబ్బు యావ, ఆ పాత్ర వేసి జనాన్ని నవ్వించిన నటులు. ఆ తర్వాత కమల గుర్తొస్తుంది. డబ్బిచ్చి కొనుక్కున్నాం కాబట్టి మొగుడే మా ఇంటికి రావాలని, కోర్టు దాకా వెళ్ళినా బెదరకుండా తన మాట తాను చెప్పుకున్న కమల. ఈ ఇద్దరి మధ్యా ఇంకో అమ్మాయి ఉంది. కమల అక్క కాళింది. నాటకం బండికి ఆమె చావే ఇరుసు. అయినా నాటకం చూసి ఇంటికి పోయేవాళ్ళ మాటల్లో ఆమె ప్రస్తావన 'పాపం' అన్న ఒక్క మాటతో అయిపోతుంది.

తెలుగులో పాపం అంటే జాలి. పాపం అంటే చేసిన తప్పు కూడా. జాలి కాళింది మీద, సరే. మరి ఆ రెండో పాపం ఎవరి మీద? ఈ ప్రశ్నని మన నాటక విమర్శ పెద్దగా పట్టించుకోలేదు. లింగరాజు మీద వేసేసి చేతులు కడుక్కుంది. ఆ చేతులు అంత తేలిగ్గా శుభ్రపడవని నా అభిప్రాయం.

కాళ్ళకూరి నారాయణరావు గారు (1871-1927) ఈ నాటకాన్ని 1921లో రాశారు. వేశ్యా వ్యామోహం మీద 'చింతామణి', తాగుడు మీద 'మధుసేవ', కట్నం మీద 'వరవిక్రయం'. సంఘాన్ని మార్చడానికే నాటకం అని నమ్మిన తరం ఆయనది. గురజాడ 'కన్యాశుల్కం' మొదటిసారి ఆడింది 1892లో. అందులో ఆడపిల్లని ముసలివాడికి అమ్మడానికి బేరం పెడతారు. ముప్ఫై ఏళ్ళు తిరక్కుండానే సంత అదే, సరుకు మారింది. ఇంగ్లీషు చదువూ సర్కారు ఉద్యోగమూ మగపిల్లవాడికి ధర తెచ్చాయి. నిన్నటిదాకా ఆడపిల్ల తండ్రి అమ్మాడు, ఇప్పుడు మగపిల్లవాడి తండ్రి అమ్ముతున్నాడు. ఆడపిల్లకి మాత్రం ఏ సంతలోనూ నోరు లేదు.

కథ చాలామందికి తెలిసిందే అయినా ఒకసారి చెప్పుకోవాలి. పురుషోత్తమరావు, భ్రమరాంబల కూతుళ్ళు కాళింది, కమల. పురుషోత్తమరావు చదువుకున్నవాడు, గాంధీ భావాలున్నవాడు. పెళ్ళిళ్ళ పేరయ్య ద్వారా లింగరాజు ఇంటి కుర్రవాడు బసవరాజుతో కాళిందికి సంబంధం కుదురుతుంది. కట్నం 5,500 రూపాయలు. ఆస్తి కరిగిస్తే తప్ప పుట్టని సొమ్ము అది. పెళ్ళికి ముందే ఆ సొమ్ము లింగరాజు పెట్టెలోకి చేరుతుంది. తన పెళ్ళి కోసం కన్నవాళ్ళు చితికిపోవడం చూడలేక కాళింది ప్రాణం తీసుకుంటుంది. పెళ్ళికూతురే లేకపోయాక కూడా లింగరాజు తీసుకున్న సొమ్ము తిరిగివ్వడు. అప్పుడు కమల ముందుకొస్తుంది. ఆ బసవరాజునే తాను చేసుకుంటానంటుంది. పెళ్ళయ్యాక అసలు ఆట మొదలుపెడుతుంది. కాపురానికి రానంటుంది. వ్యవహారం కోర్టుకెక్కుతుంది. లింగరాజు ఆట కడుతుంది.

పుస్తకాల్లో దీన్ని సాంఘిక నాటకం అంటారు. విషాద నాటకం అనరు. చివర్లో న్యాయం గెలిచింది కదా! నాకు మాత్రం ఇది విషాద నాటకమే. విషాదం చివర్లో కాకుండా నడుమ ఉంది, అంతే తేడా. ఒక ఆడపిల్ల చచ్చిపోయాక కూడా మనం నవ్వుకుంటూ కూర్చోగలిగాం అంటే, ఆ నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూసుకోవాల్సిన అవసరం ఉంది.

ఈ మధ్య మా కోవూరులో డిగ్రీ చదివే అమ్మాయిలు పదిమందితో కలిసి ఈ నాటకాన్ని పైకి చదువుకున్నాం. పద్యాలు నేను చదివాను, మాటలు వాళ్ళు పంచుకున్నారు. అయ్యాక ఒకే ప్రశ్న అడిగాను. కాళింది చావుకి ఎవరు బాధ్యులు? ముందు అందరూ లింగరాజే అన్నారు. కాసేపటికి ఒకమ్మాయి, 'కాదు మేడమ్, వాళ్ళ నాయనే. ఈయన ఇస్తాననకపోతే ఆయన తీసుకునేదేముంది?' అంది. పక్కనున్న అమ్మాయి ఒప్పుకోలేదు. 'నాయన మాత్రం ఏం జేస్తాడు? ఊరంతా ఇస్తా ఉంటే ఈయనొక్కడే ఇయ్యకపోతే ఆ పాపకి పెళ్ళవుతుందా?' అంది. అప్పటిదాకా గోడకానుకుని వింటున్న ఇంకో అమ్మాయి చివర్లో, 'ఇంత జరిగింది గదా, ఆ పాపని ఎవురన్నా అడిగినారా?' అంది.

నేను చెప్పదలుచుకున్నదంతా ఆ ముగ్గురి మాటల్లోనే ఉంది. విడదీసి చూడడమే నా పని.

మొదటి ముద్దాయి లింగరాజు. అతను దురాశాపరుడు, కఠినుడు. పిల్ల చచ్చిపోయినా కట్నం వెనక్కివ్వనివాడికి ఏ లాయరూ దొరకడు. కానీ నాటకంలో అతని పాత్రని రాసిన తీరు చూడండి. అతని లోభం నవ్వు పుట్టిస్తుంది. అతని లోభాన్ని చూసి నవ్వుతున్నంతసేపూ 'మనం ఇలాంటి వాళ్ళం కాదు' అనే ధీమా మనకి కలుగుతుంది. ప్రేక్షకుల్లో కొడుకు పెళ్ళికి కట్నం పుచ్చుకున్న పెద్దమనిషి కూడా హాయిగా నవ్వగలడు. ఎందుకంటే అతను లింగరాజులా మొరటుగా అడగలేదు. 'మీ అమ్మాయికి మీరు పెట్టుకుంటారు, మాదేముంది' అన్నాడు. వ్యవస్థకి ఉండాల్సిన మొహాన్ని ఒక వెర్రి పిసినారికి తగిలించేస్తే మిగిలినవాళ్ళందరూ నిర్దోషులైపోతారు. లింగరాజు పాత్ర చేసిన గొప్ప సేవ అది. అతను అడిగింది తన సొంత ధర కాదు. ఊరు ఒప్పుకున్న ధర. అతని తప్పు ఆ ధరని సిగ్గు లేకుండా పైకి చెప్పడం.

పేరయ్య సంగతి చెప్పుకోనే అక్కర్లేదు. తెలుగువాళ్ళలో పెళ్ళి మధ్యవర్తికి అతని పేరే మారుపేరైపోయింది. సంబంధం కుదిరితే అతనికి నాలుగు రాళ్ళు. అతను ఈ సంతకి దళారి, యజమాని కాదు. బసవరాజు విషయం వేరు. అతను వరుడు, అమ్ముడయ్యేది అతను. ఆ సొమ్ము చేతులు మారకుండా అతను ఆపలేదు. కాళింది పోయాక కూడా సొమ్ము వెనక్కి వెళ్ళలేదు. ఆ తర్వాత అదే సొమ్ముకి ఆమె చెల్లెలి పక్కన పెళ్ళిపీటల మీద కూర్చున్నాడు. మన సంఘంలో ఇలాంటి కుర్రవాళ్ళకి మంచి పేరుంటుంది. 'తండ్రి మాట జవదాటడు' అంటారు. పెళ్ళి విషయంలో తప్ప ఇంకే విషయంలోనూ తండ్రి మాట వినని వాళ్ళని కూడా నేను చూశాను. నోరు మెదపకపోవడం కూడా ఒక రకం సంతకమే.

ఇక అసలు చిక్కు పురుషోత్తమరావు దగ్గర వస్తుంది. అతన్ని బోనెక్కిస్తే చాలామందికి కష్టంగా ఉంటుంది. అతను మంచివాడు. కూతుళ్ళని ప్రాణంగా చూసుకునేవాడు. ఆ ఇంట్లో ఆడపిల్లని కొట్టరు, తిట్టరు. అయినా ఆ ఇంట్లోనే ఆడపిల్ల చచ్చిపోయింది. అత్తింటి గడప తొక్కకుండానే, పుట్టింట్లో, ప్రేమించేవాళ్ళ మధ్య చచ్చిపోయింది. ఈ నాటకంలో నాకు అన్నిటికన్నా భయం కలిగించే విషయం ఇదే.

1921 అంటే సహాయ నిరాకరణ రోజులు. ఉద్యోగాలు వదులుకున్నవాళ్ళు, కోర్టులు వదిలేసినవాళ్ళు, జైలుకి వెళ్ళినవాళ్ళు ఉన్న రోజులు. పురుషోత్తమరావు ఆ గాలి పీల్చినవాడే. ఆ తరం మగవాళ్ళు తెల్లదొర ముందు తలెత్తి నిలబడ్డారు. అదే తల లింగరాజు లాంటివాడి ముందు ఎందుకు వంగింది? సర్కారుకి పన్ను కట్టనని చెప్పగలిగిన నోటికి, వియ్యంకుడికి కట్నం ఇవ్వనని చెప్పడం ఎందుకు చేతకాలేదు? సర్కారు జైల్లో పెడితే ఊరు దండ వేసి ఎదురొస్తుంది. ఈడొచ్చిన పిల్ల ఇంట్లో ఉంటే అదే ఊరు మొహం తిప్పుకుంటుంది. ఆ మొహాలకి భయపడ్డాడు. ఆ భయం అబద్ధం కాదు. రజస్వల కాకముందే పెళ్ళి చేయాలనే కట్టుబాటు బ్రాహ్మణ కుటుంబాల మెడ మీద కత్తిలా ఉన్న కాలం. అమ్మాయిల పెళ్ళి వయసు కనీసం పద్నాలుగేళ్ళు ఉండాలన్న శారదా చట్టం వచ్చింది 1929లో, అమల్లోకొచ్చింది 1930లో. గడువు ముంచుకొచ్చేవాడి దగ్గర బేరగాడు ధర పెంచుతాడు. ఆడపిల్ల శరీరమే ఇక్కడ గడువు. కట్నం వేరు, బాల్యవివాహం వేరు అనుకుంటాం కానీ రెండూ ఒకే తాటి రెండు పేటలు.

అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆ 5,500 రూపాయలు ఎవరికి ఇచ్చారు? కాళిందికి కాదు. కాళింది పెళ్ళి కోసం ఇంకొకరికి. ఆ కాలపు చట్టం ప్రకారం తండ్రి ఆస్తిలో ఆ అమ్మాయికి వాటా లేదు. కానీ ఆ ఆస్తి కరిగిపోవడానికి కారణం మాత్రం ఆమే. హక్కు లేని ఆస్తికి ఆమె అప్పుగా మారింది. ఇంట్లో అందరూ కలిసి ఆ లెక్క వేశారు. తల్లి దిగులులో ఆ లెక్క ఉంది, తండ్రి నిట్టూర్పులో ఆ లెక్క ఉంది. 'నీ వల్లే' అని ఎవరూ అని ఉండరు. అనక్కర్లేదు. అన్నం వడ్డించేటప్పుడు, దీపం తగ్గించేటప్పుడు ఆడపిల్లకి అర్థమైపోతుంది. కాళింది చేసింది ఆ లెక్కని కొట్టేయడం. తనని తీసేస్తే ఇల్లు నిలుస్తుందని తీసేసింది. ఆ లెక్క నేర్పిందెవరు అన్నదే నా ప్రశ్న.

ఇది కేవలం 1921 నాటి సంగతి అయితే నేను ఇంత రాయనక్కర్లేదు. మన రాష్ట్రంలో ఆడపిల్లలకి పిత్రార్జితంలో సమాన వాటా ఇస్తూ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించారు. ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది, అది కూడా ఆ తేదీకి పెళ్ళి కానివాళ్ళకి మాత్రమే. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. తండ్రి అప్పటికి బతికున్నాడా లేదా అన్న దానితో పని లేకుండా కూతురికి పుట్టుకతోనే ఆ హక్కు ఉంటుందని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చి చెప్పింది. కాగితం మీద ఇవాళ్టి కాళింది ఆస్తికి అప్పు కాదు, వాటాదారు.

కాగితం బయట ఏం జరుగుతోంది? మా కోవూరు వైపు ఎవరూ 'కట్నం' అనరు. 'అమ్మాయికి ఏం పెడతా ఉండారు?' అంటారు. వరి పండే పొలమైతే ఎకరాల లెక్క, హైవే పక్కనైతే అంకణాల లెక్క. 'పసుపు కుంకుమ కింద' ఇచ్చామంటారు. వినడానికి ఎంత కమ్మగా ఉందో! పసుపు కుంకుమ కింద ఇచ్చింది అమ్మాయి పేరున ఉంటే అది ఆమెకి అండే. చాలాసార్లు అది అమ్మి అల్లుడి వ్యాపారంలోనో, నెల్లూరులో ఫ్లాటులోనో పెడతారు. ఆ ఫ్లాటు ఎవరి పేరున ఉందో అడిగితే మర్యాద కాదంటారు. ఇదంతా అయ్యాక ఒకరోజు అన్నదమ్ములు చెల్లెల్ని రిజిస్ట్రారు ఆఫీసుకి తీసుకెళ్ళి హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టిస్తారు. 'నీకు పెళ్ళప్పుడే ఇచ్చేశాం గదమ్మా' అంటారు. ఆమె పెడుతుంది. పుట్టింటి గడప మూసుకుపోతుందన్న భయంతో పెడుతుంది. ఆ సంతకం పెట్టే చెల్లెలికీ కాళిందికీ దగ్గర చుట్టరికం ఉంది. ఇద్దరూ ఇంటిని నిలబెట్టడానికి తమని తాము తీసేసుకున్నవాళ్ళే. ఒకరు ప్రాణంతో, ఒకరు వేలిముద్రతో.

ఇప్పుడు ఆ చావు గురించి మాట్లాడుకోవాలి. నాటకం కాళింది మరణాన్ని త్యాగంగా చూపించింది. చూసేవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు, 'ఎంత మంచి పిల్ల' అంటారు. ఈ 'మంచి పిల్ల' అన్న మెచ్చుకోలు నాకు భయం కలిగిస్తుంది. 1914లో కలకత్తాలో స్నేహలత అనే అమ్మాయి, తన పెళ్ళి కట్నం కోసం తండ్రి ఇల్లు తాకట్టు పెట్టబోతుంటే ఒంటికి నిప్పంటించుకుంది. దేశమంతా గగ్గోలు పుట్టింది. సభలు జరిగాయి, పద్యాలు రాశారు, కట్నం తీసుకోమని కుర్రవాళ్ళు ప్రమాణాలు చేశారు. ఆ పిల్లని దేవతని చేశారు. దేవతని చేసిన తర్వాత కట్నం ఆగలేదు. చచ్చిన ఆడపిల్లకి హారతి పట్టడం తేలిక. బతికున్న ఆడపిల్లకి చోటివ్వడం కష్టం.

ఇక్కడ 'కన్యాశుల్కం'లో వెంకమ్మని తల్చుకోవాలి. చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి ఇస్తానని మొగుడు మొండికేస్తే వెంకమ్మ నూతిలో దూకుతుంది. ఆమెని పైకి తీస్తారు. గురజాడ ఆమెని చావనివ్వలేదు. ఆ నూతిలో దూకడం త్యాగం కాదు, మొగుడి మీద తిరుగుబాటు. దక్కించుకోవాలనుకున్నది మొగుడి ఆస్తినీ పరువునీ కాదు, కూతురి బతుకుని. కాళింది దగ్గరికొచ్చేసరికి అది తలకిందులైంది. ఆమె తండ్రి ఆస్తిని, పరువుని కాపాడటానికి పోయింది. నాటకకర్త ఆ కారణాన్నే గొప్ప చేశారు. ఒక్క మాట ఎదురు చెప్పి బతికుంటే ఆమెని ఇంత ఇష్టంగా తల్చుకునేవాళ్ళమా? ఎదురు చెప్పడానికి చెల్లెలు కావాల్సి వచ్చింది. పెద్దకూతురు చస్తే గానీ చిన్నకూతురికి మాట్లాడే హక్కు రాలేదు.

కమల గురించి నాకు చాలా గౌరవం ఉంది. ఆ పాత్రని సృష్టించిన కాళ్ళకూరి వారిని తక్కువ చేసే ఉద్దేశం లేదు. 1921లో ఒక ఆడపిల్ల కోర్టులో తన మాట తానే చెప్పడం మామూలు సంగతి కాదు. అదే సంవత్సరం పాట్నా హైకోర్టు సుధాంశుబాల హజ్రా అనే ఆమెకి, ఆడదైనందువల్ల వకీలుగా పని చేసే అనుమతి నిరాకరించింది. ఆడవాళ్ళు వకీళ్ళు కావచ్చని చట్టం వచ్చింది 1923లో. అంటే దేశంలోని చాలా కోర్టులు ఆడవాళ్ళ గొంతుకి తలుపు తీయకముందే తెలుగు నాటకం తీసింది. 'అమ్మారు, కొన్నాం, సరుకు మాది' అన్న ఆమె వాదన కట్నం మీద వేసుకున్న పెళ్ళి ముసుగుని లాగి పడేసింది. అది చిన్న పని కాదు.

కానీ ఆ కోర్టులో విచారణకొచ్చిన విషయం ఏమిటి? కొన్న మొగుడు ఎవరి ఇంట్లో ఉండాలన్నది. అక్క చావు అక్కడ విచారణకి రాలేదు. ఏ జడ్జీ ఆ ప్రశ్న అడగలేదు, కమల గెలుపులో ఆ సమాధానం లేదు. 5,500 లెక్క తేలింది, కాళింది లెక్క తేలలేదు. పైగా ఆ గెలుపుకి కమల కట్టిన ధర చూడండి. అక్క చావులో భాగమున్న ఇంటికి కోడలైంది. ఆ సొమ్మునీ పరువునీ వెనక్కి రాబట్టడానికి తన జీవితాన్ని పెట్టుబడి పెట్టింది. అక్క పోయి తండ్రి ఆస్తిని కాపాడబోయింది, చెల్లెలు పెళ్ళి చేసుకుని తండ్రి సొమ్ముకి న్యాయం చేసింది. ఇద్దరు కూతుళ్ళూ తండ్రి లెక్క సరిచేయడానికే పనికొచ్చారు. తమ కోసం ఏం కావాలనుకున్నారో మనకి తెలియదు. చదువుకోవాలనుకున్నారేమో, అసలు పెళ్ళే వద్దనుకున్నారేమో. గోడకానుకున్న ఆ అమ్మాయి అడిగింది ఇదే.

చట్టం సంగతి చూస్తే మనసు ఇంకా బరువెక్కుతుంది. వరకట్న నిషేధ చట్టం ఆంధ్రప్రదేశ్ 1958లోనే చేసుకుంది. కేంద్ర చట్టం 1961లో వచ్చింది. కట్నం ఇవ్వడం, తీసుకోవడం, అడగడం అన్నీ నేరాలే. 1986లో శిక్షాస్మృతిలోకి 304-బి వచ్చింది. 2024 జూలై 1 నుంచి అదే భారతీయ న్యాయ సంహితలో 80వ సెక్షన్. దాని ప్రకారం వరకట్న మరణం అంటే పెళ్ళయిన ఏడేళ్ళలోపు అసహజంగా సంభవించిన మరణం, దానికి ముందు భర్తో, భర్త బంధువులో కట్నం కోసం హింసించి ఉండాలి. కాళిందికి పెళ్ళే కాలేదు. భర్త లేడు, అత్తమామలు లేరు, హింసించినవాళ్ళు లేరు. కట్నం అడిగినందుకు, తీసుకున్నందుకు లింగరాజు మీద కేసు పెట్టొచ్చేమో. చావు మాత్రం వరకట్న మరణాల లెక్కలోకి రాదు. దేశంలో ఏటా ఆరు వేలకి పైగా వరకట్న మరణాలు పోలీసు లెక్కల్లోకెక్కుతున్నాయి. పెళ్ళికి ముందే, తమ పెళ్ళి ఖర్చుకి జడిసి పోయిన పిల్లలు ఆ అంకెలో ఉండరు. వాళ్ళు 'కుటుంబ సమస్యలు' అన్న గడిలో ఉంటారు, లేదా 'కడుపునొప్పి' అన్న గడిలో.

నూరేళ్ళ కిందటి నాటకమూ, ఇవాళ్టి చట్టమూ ఒకే వైపు చూస్తున్నాయి. కట్నం తీసుకున్న ఇంటి వైపు. ఇచ్చిన ఇంటి లోపలికి రెండూ తొంగి చూడవు. చట్టం అలా చూడటంలో అర్థం ఉంది. పీడించే వాణ్ణీ, పీడనకి లొంగిన వాణ్ణీ ఒకే గాటన కట్టకూడదు. బిడ్డని పోగొట్టుకున్న తల్లిదండ్రులని పోలీస్ స్టేషన్‌లో నిలబెట్టమని నేను అనడం లేదు. నేరం వేరు, బాధ్యత వేరు. నేరానికి ముద్దాయి కావాలి, బాధ్యతకి అక్కర్లేదు. బాధ్యత పంచుకునేకొద్దీ తగ్గేది కాదు, ఎవరి వాటా వాళ్ళకి పూర్తిగా ఉంటుంది. నా లెక్కలో లింగరాజు నేరస్థుడు. పురుషోత్తమరావు బాధ్యుడు. లింగరాజుకి బుద్ధి మారితే తప్ప మరో దారి లేదు. పురుషోత్తమరావుకి బుద్ధి ముందే ఉంది, నమ్మిన మాట మీద నిలబడితే చాలు. నిలబడగలిగి కూడా నిలబడనివాడి వాటా ఎక్కువ అంటాను. ఆయన ఇవ్వనంటే కాళిందికి పెళ్ళి కాకపోవచ్చు. బతికుండేది.

'ఊరంతా ఇస్తా ఉంటే ఆయనొక్కడే' అన్న రెండో అమ్మాయి మాటకి జవాబు ఇక్కడే, మా జిల్లాలోనే వెతికాను. కాళ్ళకూరి వారు తాగుడు మీద కూడా నాటకం రాశారు కదా. ఆ తాగుడుకి జవాబు నాటకంలో కాదు, నెల్లూరు జిల్లా పల్లెల్లో దొరికింది. అక్షరదీపం వాచకాల్లో ఒక కథ చదువుకున్న దూబగుంట ఆడవాళ్ళు సారా అంగడిని మూయించారు. 1992లో ఆ మాట జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అంతకుముందు తాగుబోతు మొగుడు ఒక్కో ఆడదాని తలరాత. కలిసి కూర్చుని మాట్లాడుకున్నాక అది తలరాత కాదని తేలింది. ఎవరు బాధ్యులు అన్న ప్రశ్నని ఒక్కతే వేసుకుంటే నుయ్యో గొయ్యో కనిపిస్తుంది. పదిమంది కలిసి వేసుకుంటే అంగడి కనిపిస్తుంది.

మరి అదే జిల్లాలో, అదే ఆడవాళ్ళు కట్నం మీద ఎందుకు అలా లేవలేదు? సారా అంగడి ఊరి బయట ఉంది. దాని మీదికి చీపుళ్ళు పట్టుకుని పోవచ్చు. కట్నం అంగడి నట్టింట్లో ఉంది. కూతురి పెళ్ళప్పుడు ఏడ్చిన తల్లే కొడుకు పెళ్ళప్పుడు ఆడబిడ్డ లాంఛనాల దాకా లెక్క కడుతుంది. భ్రమరాంబకి ఒక కొడుకు ఉండి ఉంటే ఏం చేసేదో కాళ్ళకూరి వారు రాయలేదు. స్త్రీలుగా మనం ఈ ప్రశ్న దగ్గర తడబడతాం. పితృస్వామ్యం ఆడవాళ్ళకి ఇచ్చే ఒకే ఒక్క అధికారం మగపిల్లవాడి తల్లి కావడం. ఆ కాస్త అధికారాన్ని వదులుకోమని అడగడం కష్టమే. అడగక తప్పదు.

ఈ నాటకాన్ని ఇంకా ఆడాలి, ఇంకా చదవాలి. కళాశాలల్లో ఆడేవాళ్ళకి ఒక్క మాట చెప్పాలని ఉంది. లింగరాజుని కాస్త తక్కువ వెర్రివాడిగా, కాస్త ఎక్కువ మర్యాదస్థుడిగా ఆడి చూడండి. నవ్వు తగ్గుతుంది, నష్టం లేదు. కాళిందిని దేవతగా కాకుండా, బతకాలని ఉన్న ఒక మామూలు పిల్లగా ఆడి చూడండి. అప్పుడు కోర్టు రంగంలో చప్పట్లు కొట్టే ముందు చేతులు ఒక్క క్షణం ఆగుతాయి.

ఇక బయట, మన ఇళ్ళలో, చేయాల్సింది ఇంకా మామూలు పని. సంబంధం మాట వచ్చినప్పుడు, తాంబూలాలు పుచ్చుకోక ముందే, ఇంట్లో ఉన్న ఆ అమ్మాయిని కూర్చోబెట్టి నీకేం కావాలి అని అడగడం. ఆమె వాటా ఎంతో ఆమెకి చెప్పడం, దాన్ని ఆమె పేరున ఉంచడం. 'వద్దు' అంటే వినడం. కాళింది ఇంట్లో ఇవేవీ జరగలేదు. అందుకే ఆ చావు లింగరాజు ఖాతాలో ఒక్కచోటే రాయడానికి నేను ఒప్పుకోను.